డీజిల్ బండి సద్దు

చిన్న కారుకు డీజిల్ ఇంజన్ మంచిదా, పెట్రోలు ఇంజన్ మంచిదా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేనిప్పుడు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను. గ్లాసులో కాఫీ సగం మిగిలినా సరే. ఒకప్పుడు మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఈ విషయం మీద నన్ను మించి మాట్లాడేవాడు లేడు. నిజానికి నాకు కారు నడపడం రాదు. అయినా ఫిజిక్స్ పాఠం చెప్పేవాణ్ణి గనక ఇంజన్లన్నీ నా జేబులో ఉన్నట్టే మాట్లాడేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. తిరుపతిలో కాలేజీ ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కొండ వైపున్న ఒక కాలనీలో అద్దెకు దిగాం. మా వీధి పైకి పోయేకొద్దీ మిట్ట. మా ఇల్లు ఆ మిట్ట మీద చివరిది. గేటు ముందు గోలీ పెట్టి వదిలితే వీధి మొదట్లో ఉన్న పిండి మర దాకా దొర్లుకుంటూ పోతుంది. వీధిలో సగం మంది లెక్చరర్లు. మా ఎదురింట్లోనే మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఉండేవారు.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, చిత్తూరులో టాక్సీ నడిపేవాడు. సొంత బండి. లారీ క్లీనర్‌గా మొదలై, ఇరవై ఏళ్ళపాటు ఊళ్ళోని పెద్దవాళ్ళ కార్లు తోలి, ఆఖరికి ఎవరో వాడి వదిలేసిన చిన్న పెట్రోలు కారు కొనుక్కున్నాడు. కొన్న రోజు మా ఇంటికొచ్చి, నా చేతిలో మిఠాయి పొట్లం పెట్టి, "ఇంగ ఎవురన్నా డ్రైవర్ అని కేకేస్తే లేసి పరిగెత్తే పని లేదబ్బా. నా బండి, నా ఇష్టం" అన్నాడు. నేను మిఠాయి తిన్నాను. ఆ మాట ఎంత పెద్దదో నాకు అప్పట్లో పట్టలేదు.

వారానికి ఒకసారైనా చిత్తూరు నుంచి యాత్రికులను తెచ్చేవాడు. వాళ్ళు అలిపిరి దగ్గర దిగి మెట్లెక్కి పోతే, ఆయన మా ఇంటికొచ్చి భోంచేసి, అరుగు మీద ఒక కునుకు తీసి, చెప్పిన వేళకు అలిపిరి వెళ్ళి వాళ్ళను ఎక్కించుకునేవాడు. వచ్చినప్పుడల్లా పచ్చి శనక్కాయలో, బెల్లమో, ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. నా భార్యకు ఆయన వరసకు చిన్నాయన అవుతాడు. "చిన్నాయన వస్తే ఇల్లు నిండినట్టుంటుంది" అనేది ఆమె. నిజమే, మాట పెద్దది, నవ్వు పెద్దది.

పెట్రోలు ధర మీద ధర పెరుగుతున్న రోజులవి. అప్పటికి చిన్న కార్లలో పెట్రోలు ఇంజన్ పీకేసి, పాత వ్యాన్ల డీజిల్ ఇంజన్లు బిగించడం మొదలైంది. రేణిగుంట రోడ్డులో ఒక మెకానిక్ ఆ పనిలో పేరుమోసినవాడు. టాక్సీవాళ్ళు ఒక్కొక్కరే ఆయన షెడ్డుకు క్యూ కడుతున్నారు. మామ కూడా ఊగిసలాడాడు. ఒకరోజు భోజనం కాగానే చేయి తుడుచుకుని నా ముందు కూర్చున్నాడు.

"ఇంట్లో సదువుకున్నోడివి నువ్వొగడివే ఉండావు. జెప్పు అబ్బా, మారిస్తే మేలా, కీడా? నువ్వు ఊ అంటే మారిస్తా. వద్దంటే ఆ ఊసే ఎత్తను."

నాకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. వాడేసిన జవాబు పత్రం ఒకటి తీసి, వెనక్కి తిప్పి, నడుమ గీత కొట్టి, ఒక పక్క మేలు, ఒక పక్క కీడు అని రాశాను. డీజిల్ చవక. లీటరుకు ఎక్కువ దూరం పోతుంది. మిట్ట ఎక్కేటప్పుడు లాగుడు బాగుంటుంది. ప్లగ్గులూ పాయింట్లూ ఉండవు కాబట్టి వానలో తడిసి నిలిచిపోదు. ఇంజన్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఇవన్నీ మేలు. కీడు వైపు బరువు రాశాను. చలికాలం పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, పొగ, వాసన అని రాశాను. అన్నిటికన్నా చివర "శబ్దం" అని రాసి, పక్కనే "అలవాటవుతుంది" అని చేర్చాను. రాస్తూ రాస్తూ ఒక క్లాసు పాఠం దంచేశాను. మామ నోరు తెరుచుకుని విన్నాడు.

అంతా విని ఒక్కటే అడిగాడు. "మెకానిక్కు బ్యాటరీ పెద్దది పెట్టల్ల అంటాండాడు. ముందే జెప్తే దానికి చోటు జేస్తాడంట. పెట్టమంటావా?"

అసలు విషయం అదే. డీజిల్ ఇంజన్‌ను తిప్పాలంటే బలమైన బ్యాటరీ కావాలని ఆ షెడ్డులో స్పానర్లు అందించేవాడికి కూడా తెలుసు. నాకు తెలియదు. నా కాగితంలో బ్యాటరీ అన్న మాటే లేదు. లేనిది ఆయన ఎత్తాడని నాకు లోపల చిన్నపాటి చిరాకు కూడా వేసింది. "అక్కర్లేదు మామా, ఇంజన్ వేడెక్కితే ఏ బ్యాటరీ అయినా తిప్పుతుంది. వాళ్ళు అట్లాగే చెప్తారు" అన్నాను. మామ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, లైసెన్సు పెట్టుకునే కవరులో దాచుకున్నాడు.

నెలలోపల ఇంజన్ మారింది. ఆ బండి మా వీధి ఎక్కిన మొదటి రోజు నాకు ఇప్పటికీ గుర్తు. వీధి మొదట్లో ఉండగానే మా కిటికీ అద్దాలు గలగలలాడాయి. మామ మాత్రం పొంగిపోతున్నాడు. "నువ్వు రాసింది రాసినట్టే ఉండాదబ్బా! నిండా మందిని ఎక్కించుకున్నా గూడా గుంజుతాది సూడు!" స్టార్టింగ్ ఒక్కటే ఇబ్బంది. పాత బ్యాటరీ రెండుసార్లు మూలిగి చాలించుకునేది. దానికీ ఆయన ఉపాయం కనిపెట్టాడు. అసలు అది డీజిల్ టాక్సీవాళ్ళందరి ఉపాయమే. బండిని ఎప్పుడూ మిట్ట మీద, ముందు భాగం పల్లం వైపుకు ఉండేట్టు ఆపి, చక్రం కింద రాయి పెట్టేవాళ్ళు. బయలుదేరేటప్పుడు రాయి తీసి, బండి దొర్లుతుండగా రెండో గేరు వేసి క్లచ్ వదిలితే చాలు, ఇంజన్ అందుకుంటుంది. మామ డిక్కీలో అందుకోసమే ఒక నున్నటి రాయి ఉండేది. మా గేటు ముందు మిట్ట చూసి, "దేవుడు నీ ఇల్లు నాకోసరమే ఈడ కట్టించినాడు" అని నవ్వాడు.

ఆ నవ్వు వీధంతా వినబడింది. దానికన్నా ముందు ఆ ఇంజన్ వినబడింది.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. మా నాయనది మెట్ట సేద్యం. బావి దగ్గర ఆయిల్ ఇంజన్ ఉండేది. సెలవుల్లో దాన్ని తిప్పి స్టార్ట్ చేసే పని నాది. ఎంత ఉతికినా నా చొక్కాలకు డీజిల్ వాసన పోయేది కాదు. హాస్టల్లో నాకు పెట్టిన పేరు ఆయిలింజన్. ముందు నవ్వాను, తరవాత ఏడ్చాను, ఆఖరికి మొదటి జీతంతో కొత్త చొక్కాలు కొని పాతవన్నీ పారేశాను. ఆ వాసన నన్ను వదిలిపోయిందని అనుకున్నాను. ఇప్పుడది నా గేటు ముందే వచ్చి నిలబడింది, చక్రం కింద రాయి పెట్టుకుని.

రెండో వారమే హెడ్ గారు కాలేజీలో పలకరించారు. "ఏమయ్యా, ఇంట్లో బావి తవ్విస్తున్నావా? ఇంజన్ సౌండ్ వినిపిస్తోంది." ఆయన సరదాగానే అన్నారు. పక్కనున్న వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా చెవులు మాత్రం కాలిపోయాయి. ఆ పేరు మళ్ళీ నా వెనకాల వచ్చేసిందనుకున్నాను.

మామ మళ్ళీ వచ్చినప్పుడు, అన్నం పెట్టకముందే చెప్పాను. "వీధిలో పిల్లలకు పరీక్షలు మామా. చదువుకుంటూ ఉంటారు. బండి కింద పిండి మర దగ్గర ఆపేసి నడిచి వచ్చెయ్." పరీక్షలు అబద్ధం. మామ వెంటనే నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, నాకు తట్టనే లేదు సూడబ్బా. అట్లనే." లేచి వెళ్ళి బండిని కిందకు దొర్లించి వచ్చాడు. పిండి మర దగ్గర నేల చదును. అక్కడ రాయితో పనిలేదు, దొర్లుడూ లేదు. ఆ రోజు నుంచి ఆయన వచ్చిన ప్రతిసారీ, పోయేటప్పుడు డోరు తెరిచి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, భుజంతో బండిని తోసేవాడు. ముందటి కన్నా ఎంతో బరువెక్కిన బండి. ఆయనకు యాభై దాటాయి. మా అరుగు మీద నుంచి చూస్తే ఆయన వంగిన వీపు కనిపించేది. నేను అరుగు మీదికి రాకుండా లోపల పేపర్లు దిద్దుకునేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం నాలుగు గంటలప్పుడు హెడ్ గారు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ప్రశ్నపత్రం గురించి ఏదో మాట్లాడుకుంటున్నాం. లోపల నా భార్య కాఫీ కలుపుతోంది. మామ అప్పటికే సెలవు తీసుకుని కిందకు వెళ్ళి చాలాసేపయింది. మధ్యమధ్య కింద నుంచి స్టార్టర్ మూలుగు వినిపించి ఆగిపోయేది. వినపడనట్టు నేను గొంతు పెంచి మాట్లాడుతున్నాను.

కాసేపటికి మామ మిట్టెక్కి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చేతులకు నూనె మరకలు. రొప్పుతున్నాడు. "రోంత వచ్చి తోస్తావా అబ్బా? ఒగడితో అయ్యేట్టు లేదు. అలిపిరికాడ వాళ్ళు దిగేసుంటారు" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. "కింద ఎవరైనా ఉంటారు, చూసుకో" అన్నాను.

మామా అన్న పిలుపు నోట్లోంచి రాలేదు. మరిచిపోయి కాదు. వస్తుంటే ఆపుకున్నాను.

హెడ్ గారు తల తిప్పి చూసి, "ఎవరు?" అని అడిగారు.

"మా ఊరి టాక్సీ" అన్నాను.

గేటుకూ కుర్చీకీ మధ్య పది అడుగులుండవు. మామ నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కోపం లేదు. లెక్క అర్థమైన పిల్లవాడి ముఖంలా ఉంది. "సరే సార్" అని వెనక్కి తిరిగాడు.

మా మామ నన్ను సార్ అన్నాడు. నన్ను ఎత్తుకుని తిరిగినవాడు, ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకు తన బండిలో తెచ్చి రోజంతా ఎండలో కాచుకున్నవాడు. అప్పుడు కూడా లేవలేదు నేను.

నా భార్య కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. గ్లాసులు స్టూలు మీద పెట్టింది, చెప్పులేసుకుంది, మెట్లు దిగుతూ వీధంతా వినబడేట్టు పిలిచింది: "ఉండండి చిన్నాయనా, నేనొస్తున్నా!"

హెడ్ గారు నా వైపు చూశారు, తరవాత కాఫీ వైపు చూశారు. ప్యాంటు కింది భాగం రెండు మడతలు పైకి మడిచి, ఆయన కూడా దిగి వెళ్ళారు. చెప్పులు వెతుక్కునే నెపంతో నేను ఇంకాస్త ఆలస్యం చేశాను. సగం దూరం దిగేసరికి, చీర కుచ్చిళ్ళు దోపుకున్న నా భార్యా, మా హెడ్ గారూ వెనక నుంచి తోస్తుంటే బండి ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ వదిలి అందుకుంది. మామ కిటికీలోంచి వాళ్ళిద్దరికీ చేయెత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నేను వీధి మధ్యలో ఉత్తచేతులతో నిలబడిపోయాను. యాత్రికులు చూసి చూసి వేరే టాక్సీ ఎక్కి వెళ్ళిపోయారట. ఆయన ఖాళీ బండితో చిత్తూరు చేరాడని తరవాత తెలిసింది.

హెడ్ గారు మళ్ళీ ఎన్నడూ ఆ ఇంజన్ గురించి జోకు వేయలేదు. అసలు నాతో జోకులు వేయడమే మానేశారు.

నాలుగు వారాలు మామ రాలేదు. అయిదో వారం గేటు చప్పుడైతే తలుపు తీశాను. శనక్కాయల మూటతో నిలబడి ఉన్నాడు. "బండి ఏది మామా?" అన్నాను. "ఈడనే ఉండాది. ఇనపడలేదా?" అన్నాడు. చూస్తే బండి గేటు ముందే ఉంది. చక్రం కింద రాయి లేదు. "డీజిల్ది తీసేసినా అబ్బా. మళ్ళా పెట్రోలే ఏయించినా. ఘాట్ రోడ్డులో ముందర బరువెక్కువై స్టీరింగ్ తిప్పను అవల్యా. మనకు అది సరిపోదులే."

ఆ క్షణంలో నాకేమనిపించిందో ఇన్నేళ్ళకు ఇప్పుడు రాస్తున్నాను. హాయిగా అనిపించింది. బరువు దిగినట్టయింది. అంతటితో ఆగానా? చిన్న కారుకు ముందు బరువు పెరిగితే ఏమవుతుందో ఆయనకే మళ్ళీ పాఠం చెప్పాను. "నేను కీడులో మొదటే రాశాను కదా మామా, బరువని!" అన్నాను. "అవునబ్బా, రాసినావు" అన్నాడు మామ. నా భార్య ఆయనకు వడ్డించింది. నన్ను పిలవలేదు.

అప్పటి నుంచి స్టాఫ్ రూమ్‌లో నా దగ్గర సాక్ష్యం తయారైంది. ఎవరు డీజిల్ మాట ఎత్తినా, "చిన్న కారుకు పనికిరాదండీ. మా మామ వేయించి, వేగలేక మళ్ళీ తీసేశాడు" అనేవాణ్ణి. అక్కడ మాత్రం మామ అన్న మాట నోరారా వచ్చేది. వాదన గెలవడానికి చుట్టరికం పనికొచ్చింది.

ఒకే బండికి రెండుసార్లు ఇంజన్ మార్పించిన మనిషి ఆ ఖర్చు తట్టుకోలేడని నేను లెక్క వేయలేదు. చిత్తూరులో మిగతా టాక్సీలన్నీ డీజిల్‌కు మారిపోయి తక్కువ బాడుగకు పోతుంటే, పెట్రోలు బండి ఎవరు పిలుస్తారు? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. రెండేళ్ళు తిరక్కముందే మా అమ్మ చెప్పింది, "మీ మామ బండి అమ్మేసినాడంట రా" అని. "పాత బండేగా" అన్నాను నేను.

ఆ దశకం చివర్లో నాకూ కారు కొనాలన్న కోరిక పుట్టింది. వాడిన బండి చూపిస్తానని ఒక సహోద్యోగి నన్ను రేణిగుంట రోడ్డులోని షెడ్డుకే తీసుకెళ్ళాడు. మెకానిక్‌కు జుట్టు నెరిసింది. మాటల్లో నేను నా పాత సాక్ష్యం బయటికి తీశాను, చిత్తూరు టాక్సీ, ముందు బరువు, ఘాట్‌లో స్టీరింగ్ అని. ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"ఎవురు సార్ సెప్పింది? బరువు మొయ్యను ముందర స్ప్రింగులకు పట్టీలు ఏసి ఇచ్చినా నేను. అంత బాగా కుదిరిన ఇంజన్ నా చేత్తో మళ్ళా బిగించలేదు. అది ఇప్పటికీ ఇంకో బండిలో తిరగతానే ఉండాది. తీసెయ్ అని వస్తే, ఎందుకప్పా అని మూడు దినాలు తిప్పి పంపినా. కావల్లంటే పెద్ద బ్యాటరీకి చోటు జేసిస్తా అన్నా. నా మాట ఇనల్యా. బండిలో తప్పు ల్యాదు, సద్దుతోనే తంటా అన్నాడు. సద్దు నీకేం జేసిందప్పా అంటే, నాకు కాదులే అన్నాడు."

సహోద్యోగి నా ముఖం చూస్తున్నాడు. తల తీసేసినట్టయింది నాకు. బండి చూడకుండానే బయటికొచ్చేసి, బస్సెక్కి చిత్తూరు వెళ్ళాను.

మామ ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర డ్రైవర్‌గా చేరాడని మా అమ్మ చెప్పగా విన్నాను గానీ, వెళ్ళి చూసింది లేదు. మిల్లు వెనకే యజమాని ఇల్లు. కారు షెడ్డులో, నేల మీద గోనె పరుచుకుని, మామ అన్నం క్యారియర్ విప్పుతున్నాడు. పక్కన ఉన్న కారు, కంపెనీ నుంచే డీజిల్ ఇంజన్‌తో వచ్చిన కొత్త బండి. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. "రా అబ్బా, కూసో. నీ భార్య బాగుండాదా?" క్యారియర్ మూతలో సగం అన్నం నాకు పెట్టాడు. ఆ అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా అంతా చెప్పేశాను. పరీక్షలు అబద్ధమని, మా ఊరి టాక్సీ అన్న మాట కావాలనే అన్నానని, మెకానిక్ అన్నీ చెప్పాడని, బ్యాటరీ గురించి ఏమీ తెలియకుండానే వద్దని చెప్పానని. "నా సిగ్గుకు నీ బండి పోయింది మామా" అన్నాను.

మామ పప్పు కలుపుతూనే ఉన్నాడు. నేనేదో కొత్తది చెప్తానని ఎదురుచూసినట్టు కూడా లేడు.

"ఆ కాగితంలో కడాకు రాసినావు సూడు, సద్దు, అలవాటైపోతాది అని. నాకు రెండు దినాల్లో అలవాటైపాయ. మీ అత్తకు గూడా అయిపాయ. ఆ పొద్దు తోసినాడే, మీ పెద్దసారు, ఆయప్పకు గూడా అయిపోయినట్టే ఉండె. నీకొగడికే కాలేదు. దానికేం జేస్తామబ్బా. మిట్ట మీద ఆపుకోను నాకు ఇంకో ఇల్లు ల్యాకపాయ."

ఈలోగా మేడ మీద నుంచి ఒక ఆడగొంతు "డ్రైవర్!" అని కేకేసింది. మామ నోటి దాకా తెచ్చిన ముద్దను మళ్ళీ క్యారియర్‌లో పెట్టేశాడు. చెంబు నీళ్ళతో చేయి కడిగి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు.

"నువ్వు తిను అబ్బా, నాకోసరం ఉండొద్దు" అని, పరిగెత్తాడు.